సౌయిన్ మంటయు, మడిలోని బూడిదయు

ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు మాసముల మొదటి దినములు ఐర్లండు ప్రజలకు ఋతుసంధులు. ఇంబోల్క్, బ్యాల్తినె, లూనసా, సౌయిన్ అను పేర్లతో ఆ నాలుగు దినములును, ఈ ద్వీపమున క్రైస్తవము వేరూనకముందునుండియు, పశుపాలకులకును కర్షకులకును ఏడాదిని నాలుగు పాళ్లుగా విభజించి యిచ్చినవి. పొలములు తరిగి యిండ్లు పెరిగిన నేటి డబ్లిన్ శివారులలో ఆ పండుగలకు నీడ దొరకినది పేటపేటకును వెలసిన కమ్యూనిటీ గార్డెన్లలోనే. మెంతికూర, కొత్తిమీర ఆరుబయటను, గోంగూర పాలీటనెల్ లోపలను పెంచుకొనుచు ఆ తోటలలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములు, ఈ పండుగలకు దూరమున నిలిచి చూచువారుగా గాక, చేయి కలిపి జరుపువారుగా నుండుట నాకెంతయో సంతోషమును గలిగించు విషయము. వృత్తిచే నేను మట్టిని, నీటిని పరీక్షించు ప్రయోగశాలలో రసాయనికుడను. తోటలలో జరుగు ఈ పండుగలను గూర్చి మన సంఘపు సంచికకు వ్రాయుమని కార్యవర్గమువారు కోరినప్పుడు, వాని శోభతో పాటు, మా తోటలో మేము పడిన యొక ఆందోళనను గూడ వ్రాయక తప్పదని తోచినది.

ముందు శోభను గూర్చియే చెప్పెదను. ఇంబోల్క్ బ్రిజిడ్ పేర జరుగు పండుగ. బ్రిజిడ్‌ను కొందరు కిల్డేర్‌లో మఠమును నెలకొల్పిన సన్న్యాసినిగను, కొందరు ఆమెకు పూర్వపు దేవతగను భావింతురు. రెండు భావనలును ఒకే పొయ్యి చుట్టు కూర్చుండగలుగుట ఈ దేశపు సహనమునకు గుర్తు. చెమ్మనేలలలో తుంగను పోలి పెరుగు రష్ గడ్డిని తెచ్చి, నాలుగు చేతుల శిలువగా అల్లి, ద్వారబంధమునకు పైన కట్టుదురు. ఆ గడ్డిని కత్తితో కోయక, చేతితో పెరుకవలెనని ఆచారము. పండుగనాటి ముందురాత్రి ఒక గుడ్డను కిటికీవద్దనో పొదమీదనో ఆరుబయట ఉంచి, ఆ రాత్రి బ్రిజిడ్ దానిని తాకి దీవించునని నమ్మి, ఏడాది పొడుగున తలనొప్పులకు దానిని వాడుదురు. 2023 మొదలుగా ఇది దేశమంతటికిని సెలవుదినము. ఫిబ్రవరి మొదటి సోమవారమున వచ్చును, ఒకటవ తేది శుక్రవారమైనచో ఆ శుక్రవారముననే యిత్తురు. ఆనాడు తోటలో ఉదయము శిలువలల్లుట నేర్పి, మధ్యాహ్నము బ్రాడ్ బీన్స్ గింజలు నాటించుట మా అలవాటు.

బ్యాల్తినె నిప్పుల పండుగ. పశువులను వేసవి మేతబీళ్లకు తోలుటకుముందు రెండు మంటల నడుమ నడిపించిన, ఏడాదంతయు రోగములు సోకవని పూర్వులు తలచిరని, క్రీ.శ. 900 ప్రాంతమున కూర్చబడిన కార్మక్ నిఘంటువు చెప్పుచున్నది. వెస్ట్‌మీత్ కౌంటీలోని ఇష్నాక్ కొండ ఆ మంటలకు ప్రసిద్ధి. ఇండ్ల వాకిళ్లలో పసుపుపచ్చని పూలు చల్లుదురు. హాథార్న్ కొమ్మకు రంగురంగుల గుడ్డపీలికలు కట్టి మే పొదగా నిలుపుదురు. ఇక్కడ చిన్న హెచ్చరిక యొకటి: 1976 నాటి వన్యప్రాణి చట్టమును అనుసరించి మార్చి 1 నుండి ఆగస్టు 31 వరకు కంచెపొదలను నరకుట నిషిద్ధము, అది పక్షులు గూడుకట్టు కాలము. కావున కొమ్మను నరకి తేక, తోటలో నున్న సజీవమైన పొదకే పీలికలు కట్టుడు. ఒంటరిగా నిలిచిన హాథార్న్ అతీతశక్తుల నెలవని ఇక్కడి నమ్మకము గావున, దాని జోలికైతే ఏ ఋతువునను పోరాదు. 1999లో క్లేర్ కౌంటీలో లటూన్ వద్ద అట్టి యొక చెట్టును తొలగింపనున్నారని తెలిసి, జానపదకథకుడు ఎడ్డీ లెనిహాన్ గొంతెత్తగా, రహదారియే ఆ చెట్టును విడిచి ప్రక్కగా సాగినది. ఊరి మొదట వేపరావులకు పెండ్లి చేసి, చుట్టు తిన్నె కట్టి, గొడ్డలి తాకనీయని మన పల్లెలవారికి ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు.

లూనసా తొలిపంటల పండుగ. కొత్త బంగాళాదుంపలు త్రవ్వుట, కొండలెక్కి బిల్‌బెర్రీ పండ్లు ఏరుట దాని ముఖ్య లక్షణములు. దానిని గూర్చి మోయిర మక్‌నీల్ 1962లో ప్రకటించిన గ్రంథము ఇప్పటికిని ప్రమాణము. తోటలో దానికి వేరుగా చేయవలసినదేమియు లేదు, పంటయే పండుగ.

సౌయిన్ తక్కిన మూటికంటెను గంభీరమైనది. అక్టోబరు 31 సాయంకాలముతో ఏటి వెలుతురు సగము ముగిసి చీకటి సగము మొదలగును. ఆ రాత్రి గతించినవారు తమ యిండ్లకు మరలివత్తురని, వారికై పొయ్యి ఆరనీయక, కూర్చుండుటకు చోటు వదలి, కొంత ఆహారముంచుట అనాదిగా జరుగుచున్నది. మీత్ కౌంటీలో అథ్‌బాయ్ దగ్గరి హిల్ ఆఫ్ వార్డ్ ఆ రాత్రి మంటలకు పురాణప్రసిద్ధమైన స్థలము. గుమ్మడికాయ దీపములు అమెరికానుండి వచ్చినవి. ఇక్కడివారు చెక్కినది టర్నిప్ దుంపలను. వానిని తొలిచి, కన్నులు ముక్కు చెక్కి, లోన దీపముంచినప్పుడు తోచు ఆ ముడుతల ముఖమును మేయో కౌంటీలో కాసిల్‌బార్ దగ్గరనున్న గ్రామీణజీవన ప్రదర్శనశాలకు పోయి పిల్లలకు చూపుడు. ఉంగరము దాచిన బార్మ్‌బ్రాక్ రొట్టె, కేబేజీ కలిపి మెదిపిన బంగాళాదుంపల కోల్కానన్ ఆనాటి వంటలు. శాకాహారులమని వెనుదీయు మనవారు వీనిని నిశ్చింతగా ఆరగింపవచ్చును. రొట్టెలో గ్రుడ్డు పడినదో లేదో మాత్రము అడిగి తెలిసికొనుట మంచిది.

ఇన్ని చెప్పుటలో నా ఉద్దేశము, ఇవి మనకు పరాయివి కావని తెలుపుటయే. ఐర్లండువారివలె కెల్టిక్ శాఖకు చెందిన గాల్ జాతివారు కాలమును పగళ్లతో గాక రాత్రులతో లెక్కింతురని జూలియస్ సీజర్ వ్రాసినాడు. 1897లో ఫ్రాన్సులోని కొలిన్యీ వద్ద ముక్కలుగా దొరకిన కంచుఫలకముపై వారి పంచాంగమే కలదు: చంద్రుని గతిచే ఏర్పడిన మాసములు, ఒక్కొక్క మాసము రెండు సగములు, అయిదేండ్లలో అరువది రెండు మాసములు, వానిలో రెండు అధికములు. శుక్ల కృష్ణ పక్షములతో, అధికమాసములతో ఉగాదినుండి ఉగాదికి లెక్కవేసికొను మన తెలుగువారికి ఆ ఫలకము చుట్టముల ఇంటి గోడపై వ్రేలాడు పంచాంగమువలె కనబడును. ఎవరు ఎవరికి నేర్పిరను వాదమునకు నేను దిగను. చంద్రుని నమ్ముకొని బ్రదికిన రెండు జాతులు ఒకే లెక్కకు చేరుటయే నాకు చాలినంత గర్వకారణము. అయితే ఎనిమిది పండుగల చక్రమని కొన్ని తోటలలో పటము గీసి తగిలించునది ఇరువదవ శతాబ్ది మధ్యమున ఇంగ్లండులో రూపుదిద్దుకొనినది. విషువత్తులను, అయనములను గూడ కూర్చి, నాలుగింటిని ఎనిమిదిగా చేసినారు. సెప్టెంబరు విషువత్తునకు మాబన్ అను పేరు 1970 దశకమున అమెరికాలో పెట్టినది. దానిని జరుపుకొనుటలో దోషము లేదు గాని, పిల్లలకు ప్రాచీనమని చెప్పవలసివచ్చినప్పుడు నాలుగే చెప్పుడు.

ఇక ఆందోళన. మన ఇండ్లలో భోగినాడు తెల్లవారుజామున మంట వేయుదుము. విరిగిన కుర్చీ, చెదలు తిన్న తలుపు, పనికిరాని పీట, పిల్లలు దండగ్రుచ్చిన పిడకలు అందులో పడును. ఆ బూడిదను నుదుట దిద్దుకొను అలవాటు కొన్ని కుటుంబములలో గలదు. పొయ్యిబూడిదను ఆనపపాదుమీదను చిక్కుడాకులమీదను చల్లి పేనును, పురుగును తోలుట మన పెరటి విద్యలలో మొదటిది. ఐర్లండులోను అంతియే: జూన్ 23 రాత్రి సెయింట్ జాన్ పేర పశ్చిమ కౌంటీలలో వేయు మంటలనుండి నిప్పుకొరవులు తెచ్చి చేలలో విసరుట, బూడిదను పైరుకు చల్లుట మొన్నమొన్నటి వరకు జరిగినది. బూడిద భూమికి మేలుచేయునను నమ్మకము రెండు జాతులకును సమానమైన వారసత్వము. అది అసత్యము గాదు. శుద్ధమైన కట్టెబూడిదలో సున్నపు పాలు విస్తారము, పొటాషు కొంత; పులిసిన నేలను అది సరిచేయును. బంగాళాదుంప మడికి మాత్రము వేయరాదు. క్షారము పెరిగిన నేలలో దుంపలకు స్కాబ్ అను మచ్చతెగులు ముదురును.

ఒక ఏడు మా తోటలో సౌయిన్ మంటకు కట్టెలు పోగుచేయుచుండగా, పేటలోని పలువురు తమ పెరళ్లలో ఊడదీసిన డెక్కింగ్ పలకలను, కంచెగుంజలను ప్రీతితో తెచ్చి యిచ్చినారు. పాతవి పోవలె, కొత్తవి రావలె అను భోగి సంకల్పముతో మనవారును అట్లే తెచ్చిరి. మంట దివ్యముగా లేచినది. మరునాడు, కొడుకు కోడలిని చూడ గోదావరి జిల్లానుండి వచ్చియున్న యొక అమ్మమ్మగారు, అంత మంచి బూడిద వృథాగా పోవుచున్నదని బాధపడి, బక్కెట్టుతో ఎత్తించి మా మెంతిమడిపైనను, పిల్లలు చేతులతో త్రవ్వుకొను చిన్న మడిపైనను చక్కగా పలుచగా చల్లించినారు. ఆమె చేసినది ఆమె తల్లి, అమ్మమ్మ చేసినదే. ఆమె యెరిగిన బూడిద తుమ్మకట్టెది, పిడకలది, కొబ్బరిమట్టలది. డబ్లిన్ శివారు పెరటి పలకలో ఏమున్నదో ఆమెకేల, అమ్మిన దుకాణదారుకే తెలియకపోవచ్చును.

అందులో నున్నది పాషాణము, అనగా ఆర్సెనిక్. వర్షమునకు కుళ్లకుండ, బూజు పట్టకుండ, కట్టెలోనికి ఒత్తిడితో రాగి, క్రోమియము, ఆర్సెనిక్ లవణముల ద్రావణమును ఎక్కించుట చిరకాలము వాడుకలోనుండిన పద్ధతి. యూరోపియన్ యూనియన్ 2004 జూన్ 30 నుండి ఇండ్ల వినియోగమునకు దానిని నిషేధించినది. అనగా అంతకుముందు బిగించిన పలకలే ఇప్పుడు వయసుడిగి ఊడివచ్చి, మన మంటల దగ్గరకు చేరుచున్నవి. ఈ ద్రావణమును కనిపెట్టినవాడు మన తెలుగువాడే. డెహ్రాడూన్ అటవీ పరిశోధనసంస్థలో పనిచేసిన సొంటి కామేశంగారు 1933లో దీనిని కూర్చిరి. ఆస్క్యూ అను పేరున అది మనదేశమున ప్రచారమునకు వచ్చినది, 1938లో అమెరికా పేటెంటును పొందినది. క్రోమియము తోడుగా నుండుటచే రాగియు పాషాణమును కట్టెనారను గట్టిగా పట్టుకొని విడువవు. ఆ బంధమును సాధించుటయే ఆయన ప్రతిభ. ప్రపంచమంతట విద్యుత్తు స్తంభములు, తంతిస్తంభములు, గనులలోని దూలములు చెదలకు బలికాక దశాబ్దములు నిలిచినవన్న, ఎన్ని లక్షల చెట్లు గొడ్డలిని తప్పించుకొనినవో ఊహింపవచ్చును. మన పిల్లలకు ఆయన పేరు తెలియకపోవుట విచారకరము. కాని ఆయన కూర్చిన బంధము నిప్పునకు నిలువదు. కాలినప్పుడు పాషాణములో కొంత పొగతో లేచును. మిగిలినది రాగితో, క్రోమియముతో కలిసి బూడిదలో చేరును. నూరు కిలోల కట్టె కాలిన మిగులు బూడిద ఒకటి రెండు కిలోలు. కట్టె నిండ వ్యాపించియున్న లోహము ఆ కొద్దిపాటి బూడిదలోనికి అనేక రెట్లు చిక్కబడి దిగును. రంగు చూచి కనిపెట్టలేము, వాసన యుండదు. ఆకుకూర కడిగినను ఆకునంటిన మట్టి కొంత మిగులును; పసిపిల్లలు వ్రేళ్లు నోటిలో పెట్టుకొందురు. ఎండలకు, వానలకు పలు పురుగుమందులు కొంతకాలమునకు విరిగిపోవును గాని, పాషాణము మూలధాతువు. అది విరుగునది కాదు. తీసివేసిననే పోవును.

ఆ వారమే మట్టిని పరీక్షించితిమి. అయిదారు చోట్ల జానెడు లోతున ఎత్తిన మన్నును కలిపి, ఎక్స్-రే యంత్రముతో చూచి, పిదప ప్రయోగశాలలో కరిగించి కొలిచితిమి. మెంతిమడిలోని పాషాణము ప్రక్క మడిలోనిదానికంటె అనేక రెట్లు హెచ్చుగా తేలినది. బూడిదపై నీరు చిలికి, పొడి ఎగురకుండ జేసి, మాస్కులు, చేతితొడుగులు ధరించి, పైపొరతో సహా పారతో ఎత్తి, రెండేసి సంచులలో కట్టి, కౌన్సిల్ పర్యావరణ శాఖవారి సలహాపై ప్రమాదకర వ్యర్థముగా పంపవలసివచ్చినది. మడులు ఖాళీ చేసితిమి. అమ్మమ్మగారికి ఆ సంగతి తెలియజెప్పుట నాకు ఆ పనులన్నింటికంటెను కష్టముగా నుండినది. ఆమె నిశ్శబ్దముగా విని, మా ఊరి బూడిద వేరు బాబూ అనినారు. అది అక్షరసత్యము.

కావున ఏ తోటలో మంట వేసినను, కట్టెను ఎంచుటయందే శ్రద్ధ యంతయు నుండవలెను. ఆరుబయట ఎన్నడైనను కట్టడముగా నిలిచిన ఏ చెక్కయు, అనగా డెక్కింగ్, కంచె, గుంజ, ఆటస్థలపు దూలము, తోటబల్ల, మంటలో పడరాదు. కొత్తగా నున్నప్పుడు ఆకుపచ్చని ఛాయ కొంత పట్టియిచ్చును గాని, కొన్ని వర్షాకాలములు గడిచిన చెక్క బూడిదరంగు తిరిగి, మామూలు చెక్కతో కలిసిపోవును. కోసి చూచినను రంగు కనబడకపోవచ్చును. 2004 తరువాతి చెక్కలో పాషాణము లేకపోయినను రాగి యుండును. పాత రైలుపట్టాల దూలములు క్రియోసోటు అను తారునూనెను త్రాగినవి. పాత తలుపుల రంగులో సీసముండవచ్చును. అతుకుడు చెక్కలలో జిగురుండును. ప్యాలెట్లపై వేసిన ముద్రను చదువుడు: హెచ్‌టీ యన్న వేడితో శుద్ధిచేసినది, ఎంబీ యన్న మిథైల్ బ్రోమైడ్ పట్టించినది. ఎంబీని ముట్టవద్దు, హెచ్‌టీ అయినను దానిపై ఏ డ్రమ్ము ఒలికినదో ముద్ర చెప్పదు. ఇవి యన్నియు గుర్తుంచుకొనలేమన్నచో ఒక్క నియమము చాలును: బెరడుతోనున్న ఎండుకొమ్మలు, దుకాణమున కొన్న వంటచెరకు, అంతకుమించి మరేదియు వద్దు. కట్టెలు స్వీకరించుటకు ఒకరినే నియమింపుడు; ఎవరును లేనప్పుడు తోటగేటు దగ్గర పడవేసిపోయిన చెక్కను పోగులో కలుపకుడు. పోగును మంటవేయు రోజుననే పేర్చుడు. ముందే పేర్చినచో చలికాలపు నిద్రకు చోటు వెదకు హెడ్జ్‌హాగ్‌లు అందులో దూరి దాగును. నేలపై గాక, పలకరాళ్లపై నిలిపిన ఇనుపగిన్నెలో మండింపుడు. బూడిదను తడిపి, మూతగల రేకుడబ్బాలో నుంచి, కట్టె ఎక్కడిదో నిస్సందేహముగా తెలిసిననే మడికి వేయుడు.

చట్టమును గూర్చి రెండు మాటలు. 2009 నిబంధనలను అనుసరించి వ్యర్థములను పెరటిలో తగులబెట్టుట నేరము. పాత సామాను మంటలో వేయుట పండుగపేర జరిగినను వ్యర్థదహనమే. కౌన్సిల్‌ను, స్థలయజమానిని, అగ్నిమాపకదళమును ముందుగా అడుగుడు. తోట బీమాపత్రములో బహిరంగ అగ్నిని గూర్చిన వాక్యమును స్వయముగా చదువుడు. సౌయిన్ దగ్గరలోనే దీపావళియు వచ్చును గావున మరియొకటి: కాకరపువ్వత్తులవంటి స్వల్పమైనవి తప్ప, బాణసంచా లైసెన్సు లేక ఉంచుకొనుటయే ఈ దేశమున నేరము. సరిహద్దు దాటి తెచ్చి కాల్చు స్నేహితులను సున్నితముగా వారింపుడు.

ఈ జాగ్రత్తలను చూచి జంకి, మంటలేని పండుగలు చేసికొందమనుట నాకు సమ్మతము గాదు. నిప్పు చుట్టు నిలువబడినప్పుడే పెద్దల నోట కథలు వచ్చును. 1937 నుండి 1939 వరకు ఐర్లండు జానపద సంఘమువారు సుమారు 5,000 పాఠశాలల పిల్లలచేత వారి తాతలను, ఊరి వృద్ధులను అడిగించి, పండుగలు, వైద్యములు, వంటలు, కథలు నోటుపుస్తకములలో వ్రాయించిరి. ఆ సంపద నేడు ఎవరైనను చదువుకొనునట్లు అందుబాటులో నున్నది. మన పేటలో మీ బిడ్డ చదువు బడికి చెందిన ఊరిపేరు వెదకి చూచినచో, ఎనుబది యేండ్లకు పూర్వపు పిల్లవాని చేవ్రాత కనబడవచ్చును. మన పిల్లలు అట్టి పుస్తకములను ఏల వ్రాయరాదు? వేసవిలో అమ్మమ్మలు, తాతయ్యలు వచ్చినప్పుడు, భోగికి ఏ కట్టె వేయుదురు, ఆ చెట్టు ఎట్లుండును, బూడిద దేనికి వాడుదురు, సంక్రాంతి ముగ్గులోని గొబ్బెమ్మకు ఏ పూవు పెట్టుదురు అని అడిగి తెలుగులోనే వ్రాసికొనవలెనని నా ప్రార్థన. ఏ కట్టెయో అడుగుట మరువకుడు. ఆచారములోని జ్ఞానము ఆ వివరములోనే యున్నది.

మా తోటలో వచ్చు సౌయిన్‌కు సన్నాహము మొదలైనది. కోస్తాజిల్లాలలో దీపావళినాడు గోగుకాడలకు చమురువత్తులు చుట్టి పిల్లలు దివిటీలు త్రిప్పుదురు గదా. ఆ గోగు మన గోంగూర మొక్కయే. పాలీటనెల్‌లో ఆకు కోసికొనిన పిదప కాడలను పెరికి పారవేయక, వేళ్లు కత్తిరించి, కట్టలుగా కట్టి, కప్పుక్రింద తలక్రిందులుగా వ్రేలాడదీసితిమి. ఏ మందును త్రాగని, ఎక్కడ పెరిగినదో మనకే తెలిసిన కట్టె అది. టర్నిప్ దీపముల వరుస ప్రక్కన ఈ కొరవులు వెలిగింపవలెనని, కింది మొదలుకు తడిగుడ్డ చుట్టవలెనని, నీటిబక్కెట్లు రెండు దగ్గర నుండవలెనని తీర్మానించితిమి. ఎండు గోగుకాడలు మిగిలినవారు సంఘకార్యాలయమునకు కబురు పంపినచో, శనివారమునాడు మావారెవరైన వచ్చి తీసికొనిపోవుదురు.